అంతస్తుల లెక్క సరే, వీధి లెక్క ఎవరు వేస్తారు?

తిరుపతిలో ముప్పై నలభై ఏళ్ల కిందట వేసిన కాలనీల్లో ఏ సందులోకి తిరిగినా ఇప్పుడు ఇదే కనిపిస్తుంది. రెండు పాత మిద్దెల మధ్య ఒక కొత్త అపార్టుమెంటు, దాని పక్కన ఆకుపచ్చ వల కట్టుకుని పైకి లేస్తున్న ఇంకొకటి, ఎదురుగా తాళం వేసిన గేటు, లోపల నీళ్లు పోసేవాళ్లు లేక ఎండిపోయిన జామచెట్టు. ఆ తాళం వేసిన ఇల్లు కూడా రేపో మాపో డెవలప్‌మెంట్‌కి (బిల్డరుతో అపార్టుమెంటు కట్టించడానికి) పోతుందని వీధిలో అందరికీ తెలుసు, గొడవ మొదలయ్యేది అక్కడే. ఇంక చాలు, ఈ సందు మోయలేదని మిగిలిన ఇళ్లవాళ్లు అంటారు. మా స్థలం, మా పిల్లల అవసరం, వద్దనడానికి మీరెవరని కట్టాలనుకునేవాళ్లు అంటారు. రెండు మాటల్లోనూ నిజం ఉంది. కానీ వాదనంతా అంతస్తుల చుట్టూ తిరుగుతోంది, వీధి ఎంత మోయగలదన్న లెక్క మాత్రం ఏ ప్లాను కాగితంలోనూ కనిపించదు.

ఆ లెక్క వేయడం పెద్ద కష్టమేం కాదు. తిరుపతిలో స్థలాన్ని అంకణాల్లో చెప్తారు, ఇక్కడ అంకణమంటే 36 చదరపు అడుగులు (నెల్లూరు అంకణం 72, అందుకే అటు నుంచి వచ్చి ఇక్కడ స్థలం చూసేవాళ్లు మొదట కంగారు పడతారు). పన్నెండు అంకణాలు దాదాపు ఒక సెంటు. పాత కాలనీలో 60 అంకణాల స్థలమంటే సుమారు ఐదు సెంట్లు, 2,160 చదరపు అడుగులు. ఉద్యోగంలో ఉండగా లోను పెట్టి కట్టుకున్న ఇల్లు, ముందు ముగ్గు వేసుకునే వాకిలి, వెనక బోరు, రెండు కొబ్బరిచెట్లు, ఐదుగురు మనుషులు. అదే స్థలంలో కింద పార్కింగు వదిలి పైన నాలుగంతస్తులు, అంతస్తుకు రెండు ఫ్లాట్లు వేస్తే ఎనిమిది కుటుంబాలు. కుటుంబానికి నలుగురనుకుంటే ముప్పై ఇద్దరు.

భూగర్భ డ్రైనేజీ ఉన్న ఊళ్లో మనిషికి రోజుకు 135 లీటర్ల నీళ్లు ఇవ్వాలన్నది మన దేశంలో ఇంజనీర్లు పాటించే కొలత. ఐదుగురికి 675 లీటర్లు, ముప్పై ఇద్దరికి 4,320. ఇప్పుడు ఇరవై ఇళ్ల సందును తీసుకోండి. పాత లెక్కలో వంద మంది, రోజుకు 13,500 లీటర్లు. అందులో సగం, అంటే పది ఇళ్లు, అపార్టుమెంట్లయితే 370 మంది అవుతారు, నీళ్లు దాదాపు 50 వేల లీటర్లు కావాలి. వాడిన నీళ్లలో ఎనభై శాతం మురుగుగా బయటికి వస్తుందని కూడా వాళ్లే లెక్క కడతారు, అంటే రోజుకు 40 వేల లీటర్ల మురుగు. వంద మందిని చూసి వేసిన పైపులోకి అదంతా పోవాలి. పోనప్పుడు మ్యాన్‌హోల్ మూత పక్క నుంచి నల్లటి నీళ్లు ఊరతాయి, అదీ ఎక్కువగా వీధిలో అందరికంటే పల్లంలో ఉన్న పాత ఇంటి ముందే, ఎందుకంటే రోడ్డు మీద రోడ్డు వేసి వేసి ఆ ఇంటి గుమ్మం ఎప్పుడో కిందికి పోయింది.

ఇందులో ఏ ఒక్క యజమానీ తప్పు చేసి ఉండకపోవచ్చు. ప్లాను ఇచ్చేది ఒక్కో స్థలానికి. మొదటి అపార్టుమెంటు వచ్చినప్పుడు వీధికి ఏమీ కాదు. రెండోదానికీ పెద్దగా తెలియదు. ఏడోదో ఎనిమిదోదో వచ్చేసరికి కొళాయిలో నీళ్లు సన్నబడతాయి, బోరు ఇంకో వంద అడుగులు దింపాల్సి వస్తుంది, ఉదయాన్నే ట్యాంకరు సందులో నిలబడితే స్కూలు ఆటో కదలదు. అప్పుడు కోపమంతా ఆ ఎనిమిదో ఇంటివాళ్ల మీద పడుతుంది, వాళ్లు చేసిందీ మొదటి ఇంటివాళ్లు చేసిందీ ఒకటే అయినా.

అసలు ఇన్ని ఇళ్లు ఎందుకు డెవలప్‌మెంట్‌కి పోతున్నాయి? బిల్డర్ల ఆశ అని తేల్చేయడం తేలిక, కానీ ఎక్కువసార్లు కారణం ఇంటి లోపలే ఉంటుంది. ఐదు సెంట్ల ఇల్లు, ముగ్గురు పిల్లలు. తండ్రి స్వార్జితం, వీలునామా రాయలేదు. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకూ కొడుకులకూ కూతుళ్లకూ సమాన వాటా. ఇంటిని నాలుగు ముక్కలు చేయలేరు, ఒకరు మిగిలినవాళ్లకు డబ్బిచ్చి తీసుకుందామంటే ఇప్పటి రేట్లకు ఎవరివల్లా కాదు, అమ్మేద్దామంటే అమ్మ ఒప్పుకోదు. బిల్డరు వచ్చి సగం ఫ్లాట్లు మీకు, సగం నాకు అంటాడు. ఎనిమిదిలో నాలుగు వస్తాయి, అమ్మకు ఒకటి, పిల్లలకు తలా ఒకటి. ఏళ్ల తరబడి మాటల్లేని అన్నదమ్ములు కూడా ఆ ఒక్క కాగితం మీద సంతకాలు పెడతారు. భాగాలు తెగని ఇంటికి అపార్టుమెంటే భాగపరిష్కారం అవుతోంది. దీన్ని పక్కనపెట్టి పాత ఇళ్లు కాపాడుకోవాలని ఎంత చెప్పినా ఆ కుటుంబాల చెవికెక్కదు, ఎక్కాలని ఆశించడం కూడా న్యాయం కాదు.

వయసు సంగతి ఇంకొకటి. ఈ కాలనీల్లో ఇళ్లతోపాటు మనుషులూ ముసలివాళ్లయ్యారు. దేవస్థానంలో, యూనివర్సిటీలో, రైల్వేలో, ఆర్టీసీలో రిటైరైనవాళ్లు, పిల్లలేమో చెన్నైలోనో బెంగళూరులోనో అమెరికాలోనో. మోకాళ్ల నొప్పులతో మిద్దె ఎక్కలేరు, ఎక్కకపోతే ట్యాంకులో నీళ్లున్నాయో లేవో తెలియదు. రాత్రి గేటు దగ్గర చప్పుడైతే లేచి చూసేది డెబ్బై ఐదేళ్ల మనిషి. అలాంటివాళ్లకు లిఫ్టు, వాచ్‌మన్, గోడ అవతల పలికే మనిషి ఉండటం చిన్న సంగతి కాదు. కొందరు సొంత ఇల్లు వదిలి అదే స్థలంలో లేచిన ఫ్లాటులోకి వెళ్లి మొదటిసారి నిశ్చింతగా నిద్రపోతున్నారు. కొందరికి మాత్రం ఫ్లాటు కట్టే ఆ మూడేళ్లు అద్దె ఇంట్లో గడిచి, ఫ్లాటు చేతికి వచ్చేసరికి ఇద్దరిలో ఒకరే మిగులుతున్నారు. కట్టడం ఆలస్యమైతే ఆ వయసులో పోయేది డబ్బు మాత్రమే కాదని అగ్రిమెంటు రాసేటప్పుడు ఎవరూ పైకి అనరు.

ఇక వద్దనేవాళ్ల మాట. వాళ్లది కుళ్లుబోతుతనమని కొట్టిపారేయకూడదు. పక్కన ఐదంతస్తులు లేస్తే పాత ఇంటికి పొద్దుటి ఎండ పోతుంది, వడియాలు పెట్టుకోవడానికి మిద్దె మీద మధ్యాహ్నం రెండు గంటలసేపే ఎండ మిగులుతుంది, ప్రతి కిటికీ ఎదురుగా ఇంకొకరి కిటికీ. సెట్‌బ్యాక్ (హద్దు పక్కన వదిలే ఖాళీ) వదలాల్సిన చోట బాల్కనీ ముందుకొస్తుంది, పునాది తవ్వేటప్పుడు పాత గోడ బీటలు వారుతుంది. వాళ్ల భయానికి ఆధారం కళ్లముందే ఉంది. తప్పు ఎక్కడంటే, ఆ భయం నుంచి ఈ కాలనీలో ఇక ఒక్క ఇటుక కూడా వేయొద్దన్న దగ్గరికి వెళ్లడం. ఎందుకంటే ఇక్కడ కట్టని ఇల్లు గాలిలో కలిసిపోదు, ఇంకో చోట లేస్తుంది.

ఆ ఇంకో చోటు ఏదో చూడాలి. తిరుపతికి ఉత్తరాన శేషాచలం కొండలు, వాటి మీద రిజర్వు అడవి, శ్రీవేంకటేశ్వర జాతీయ ఉద్యానవనం. అటు ఒక్క అడుగు కూడా పెరగదు. పడమట 1954లో పెట్టిన ఎస్వీ యూనివర్సిటీ, ఆ తర్వాత వచ్చిన మహిళా విశ్వవిద్యాలయం, వెటర్నరీ, వ్యవసాయ కళాశాలల ఆవరణలు. మిగిలింది దక్షిణం, తూర్పు. అవిలాల, తుమ్మలగుంట, తిరుచానూరు, రేణిగుంట రోడ్డు, కరకంబాడి రోడ్డు. ఊరు ఎటు పాకిందో జనాభా లెక్కలే చెప్తాయి. కార్పొరేషన్ విస్తీర్ణం సుమారు 27 చదరపు కిలోమీటర్లు. 2001లో నగర జనాభా 2.28 లక్షలు, 2011లో 2.87 లక్షలు. అదే 2011లో చుట్టుపక్కల ఊళ్లు కలిపిన పట్టణ సముదాయం దాదాపు 4.6 లక్షలు. అంటే అప్పటికే లక్షా డెబ్బై వేల మందికి పైగా హద్దు అవతల ఉన్నారు. ఆ తర్వాత 2021లో జరగాల్సిన లెక్కలు ఆ ఏడాది జరగలేదు, ఇన్నేళ్లుగా ఈ ఊరి పైపులూ రోడ్లూ పాత అంకెల మీదే నడుస్తున్నాయి.

కొండ ఎత్తు, స్వర్ణముఖి నది పల్లం. కొండ మీద పడిన వాన ఊరి మధ్య నుంచి దక్షిణానికి దిగాలి. పెద్దలు ఆ నీళ్లు ఆగడానికి గుంటలు, చెరువులు ఉంచారు. తాతయ్యగుంట, కొర్లగుంట, కొరమేనుగుంట, మల్లయ్యగుంట, తుమ్మలగుంట. ఇప్పుడివి బస్సు టికెట్టు మీద, ఇంటి అడ్రసులో ఉండే పేర్లు. కొరమేనుగుంట పేరులోనే చేప ఉంది, అక్కడ ఒకప్పుడు ఏముండేదో వేరే చెప్పాలా? నీళ్లు నిలిచిన చోట ఇళ్లు నిలిచాయి, నీళ్లకు ఆ సంగతి తెలియదు. 2021 అక్టోబరులో వెస్ట్ చర్చి దగ్గర రైల్వే అండర్ బ్రిడ్జి కింద నిలిచిన వాన నీళ్లలో వాహనం చిక్కుకుని, దర్శనానికి వచ్చిన కొత్త పెళ్లికూతురు ప్రాణం పోయింది. నెల తిరక్కముందే, నవంబరు 18, 19 తేదీల వానకు కపిలతీర్థం జలపాతం ఉగ్రంగా పొంగింది, ఘాట్ రోడ్లు మూశారు, కాలనీలకు కాలనీలు నీళ్లలో ఉన్నాయి, రాయలచెరువు కట్ట ఎక్కడ తెగుతుందోనని కింది ఊళ్లను ఖాళీ చేయించారు.

కాబట్టి పాత కాలనీలో అపార్టుమెంటు వద్దన్న ప్రతిసారీ, అది చెరువు కింద పొలంలో ఇంకో లేఅవుట్‌కి దారి ఇవ్వడమే అవుతోంది. అక్కడ పైపు లేదు, కాలువ లేదు, బస్సు లేదు. రుయా ఆసుపత్రిలోనో స్విమ్స్‌లోనో నైట్ డ్యూటీ చేసే నర్సు రాత్రిపూట అంత దూరం నుంచి స్కూటీ మీద రావాలి. ఊరి మధ్యలో, బస్టాండుకూ ఆసుపత్రికీ కూతవేటు దూరంలో ఎక్కువ మంది ఉండగలగడం మంచిదే. చాలా మంచిది. ఈ మాట గట్టిగా అనాల్సిందే, ఎందుకంటే జనం ఎక్కువైతేనే పాడు అన్న మాట ఊళ్లో బాగా పాతుకుపోయింది.

నిజానికి ఈ ఊరు పుట్టిందే ఇరుకులో. 1130లో రామానుజాచార్యులు గోవిందరాజస్వామిని ప్రతిష్ఠించి, కోవెల చుట్టూ వీధులు వేయించారని ప్రతీతి. ఆ వీధుల్లో ఇంటికీ ఇంటికీ ఉమ్మడి గోడ, సందు వదిలే పద్ధతే లేదు. కానీ పక్కనే పుష్కరిణి, మండపాలు, ఉత్సవం నడిచేంత వెడల్పున్న మాడవీధులు. ఇల్లు ఇరుకైనా మనిషికి బయట చోటుండేది. విడివిడి ఇళ్లు, చుట్టూ ప్రహరీ, ముందు గేటు అన్న కాలనీ పద్ధతి ఈ ఊరి వయసులో నిన్న మొన్నటిది. కొత్త అపార్టుమెంట్ల కాలనీల్లో ఇల్లూ ఇరుకే, బయటా చోటు లేదు. పిల్లలు ఆడుకునేది కార్ల మధ్య, పెద్దవాళ్లు సాయంత్రం కూర్చునేది లిఫ్టు ముందు ప్లాస్టిక్ కుర్చీలో.

తిరుపతికి ఇంకో ప్రత్యేక చిక్కుంది. కొండ మీద రోజుకు అరవై డెబ్బై వేల మంది దర్శనం చేసుకునే ఊరిది. వాళ్లలో కొందరికి గది కావాలి. అందుకని సంసారాల కోసం ప్లాను తీసుకున్న ఫ్లాట్లు చాలా చోట్ల రోజు అద్దె గదులవుతున్నాయి. నెలకు వచ్చే అద్దె నాలుగైదు రోజుల్లో వస్తుంటే యజమాని వైపు నుంచి చూస్తే అర్థం చేసుకోవచ్చు. కానీ వీధికి పడే బరువు వేరు. నలుగురి ఫ్లాటులో పదిమంది దిగుతారు, అర్ధరాత్రి టెంపో ట్రావెలర్ వస్తుంది, తెల్లవారుజామున మూడింటికి స్నానాలు, రోజుకొకసారి దుప్పట్లు ఉతకడం. పైన వేసుకున్న 4,320 లీటర్ల లెక్క అక్కడ పనికిరాదు. పైగా ఊళ్లో ఉండేవాళ్లకు ఒక్క ఇల్లు కూడా పెరగలేదు. ఎనిమిది ఫ్లాట్లు లేచినా ఆ నర్సుకు అద్దెకు ఇల్లు దొరకలేదంటే ఎదుగుదల ఎవరికి పోయిందో అడగాలి. తిరుపతిలో అంతస్తుల గురించిన చర్చ ఎప్పుడు జరిగినా ఈ ప్రశ్న తప్పించుకుపోతోంది, అసలు మొదట తేల్చాల్సింది ఇదే.

నిబంధనలు లేవా అంటే ఉన్నాయి. 2017లో వచ్చిన రాష్ట్ర భవన నిర్మాణ నియమాల్లో రోడ్డు వెడల్పును బట్టి ఎత్తు, స్థలాన్ని బట్టి సెట్‌బ్యాక్ రాసి ఉన్నాయి. ఎత్తు ఒక గీత దాటితే హైరైజ్, అంటే ఎత్తైన భవనం, దానికి ఫైర్ నిబంధనలు కఠినం. అందుకే బిల్డర్లు ఆ గీతకు లోపలే ఆగుతారు. అపార్టుమెంటు కట్టేవాళ్లు కొంత భాగాన్ని మునిసిపాలిటీకి తనఖా పెట్టి, ప్లాను ప్రకారం కట్టారని ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాక విడిపించుకోవాలి. ఇంకుడు గుంత గురించి 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం నుంచీ చెప్తూనే ఉన్నారు. వార్డు సచివాలయాల్లో ప్లానింగ్ కార్యదర్శి కూడా ఉన్నారు. అయినా ఎందుకు పని చేయడం లేదంటే, తప్పు చేసినవాళ్లకు కొన్నేళ్లు ఆగితే చాలన్న నమ్మకం కుదిరిపోయింది. 2007 చివర్లో బీపీఎస్ (బిల్డింగ్ పీనలైజేషన్ స్కీమ్) వచ్చింది, ప్లానుకు విరుద్ధంగా కట్టినది రుసుము కడితే క్రమబద్ధం. 2015లో మళ్లీ వచ్చింది, 2019లో మళ్లీ. ప్రతిసారీ ఇదే ఆఖరి అవకాశమన్నట్టు చెప్పారు. నియమం పాటించి మీటరు స్థలం వదిలినవాడు నష్టపోయినట్టు, వదలనివాడు తెలివైనవాడైనట్టు తయారైంది. ఆ రుసుము కార్పొరేషన్ ఖజానాకు పోతుంది, అదే సందులో పైపు మార్చడానికే ఖర్చు పెట్టాలని అడిగేవాళ్లు లేరు. ఇది ఎంత అన్యాయమో ఆ పక్కింట్లో ఎండ కోల్పోయినవాళ్లను అడిగితే తెలుస్తుంది.

రోడ్డు వెడల్పు కొలవడంలోనూ ఒక సంగతి ఉంది. స్థలం ముందు ఎంత వెడల్పుందో చూస్తారు. సందు మొదట్లో, మెయిన్ రోడ్డు కలిసే చోట ట్రాన్స్‌ఫార్మరూ టీ బంకూ కలిసి నోరు ఇరుకు చేసి ఉంటే, లోపల ఎంత వెడల్పున్నా ఫైరింజను మలుపు తిరగదు. అంబులెన్సు తిరిగినా, ఎదురుగా బండి వస్తే వెనక్కి పోవాలి. వీధిని మొత్తంగా కొలవడమంటే ఇదే. ఆ సందు నోటి నుంచి చివరి ఇంటి దాకా ఎంత ఇరుకైన చోటుందో అదే ఆ వీధి వెడల్పు కావాలి, ఇప్పటికే ఎన్ని ఫ్లాట్లకు అనుమతి ఇచ్చారో, డ్రైనేజీ పైపు ఎంత మందికి సరిపోతుందో ఒక్క కాగితం మీద ఉండాలి, అది వార్డు సచివాలయం గోడ మీద కనపడాలి. సందు నిండిపోతే పైపు మార్చేదాకా కొత్త అంతస్తులు ఆగాలి, మారిస్తే మళ్లీ కట్టుకోవచ్చు. అలా అయితే వద్దనేవాళ్ల కోపం పక్కింటి మీద నుంచి పైపు మార్చాల్సినవాళ్ల మీదికి పోతుంది, పోవాల్సిందీ అక్కడికే. కె.టి.రోడ్డు, ఏఐఆర్ బైపాస్ లాంటి వెడల్పాటి రోడ్ల మీద ఎత్తు కట్టనిచ్చి, లోపలి ఇరుకు సందుల్లో రెండు మూడంతస్తుల దగ్గర ఆపడం కూడా సాధ్యమే.

వాన సంగతి ఒక్క ముక్క. 60 అంకణాల స్థలం దాదాపు 200 చదరపు మీటర్లు. పది సెంటీమీటర్ల వాన పడితే దాని మీద 20 వేల లీటర్లు. ఇరవై స్థలాల సందులో 4 లక్షల లీటర్లు. పాత ఇంట్లో పెరడు కొంత తాగేది. ఇప్పుడు గోడ నుంచి గోడ దాకా సిమెంటు, మొత్తం వీధిలోకే. ఇంటికో ఇంకుడు గుంత నిజంగా తవ్వితే ఎంత మిగులుతుందో ఊహించుకోవచ్చు, ఫోటో కోసం తవ్వి టైల్స్ వేసి మూసేస్తే మిగిలేది ఏమీ లేదు.

ఇవన్నీ కార్పొరేషన్ చేయాలి, ప్రభుత్వం మార్చాలి, టైం పడుతుంది. కానీ ఈలోపు ఒకరి చేతిలో మాత్రం బలం ఉంది, స్థలం యజమాని చేతిలో. ఆ సంతకం లేకుండా బిల్డరు ఒక్క ఇటుక కూడా పెట్టలేడు. చాలామంది ఆ సంతకం పెట్టేముందు ఎన్ని ఫ్లాట్లు, ఎంత అడ్వాన్సు, ఏ కంపెనీ టైల్స్ అన్నవి మాత్రమే అడుగుతారు. అగ్రిమెంటులో ఇంకో ఐదు వాక్యాలు రాయించుకోవచ్చు. ప్లానుకు మించి ఒక్క అడుగు కూడా జరగకూడదని, కింది పార్కింగులో గదులు కట్టకూడదని, ఇంకుడు గుంత చేతికిచ్చే రోజు తెరిచి చూపించాలని, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చేదాకా బిల్డరు వాటాలో రెండు ఫ్లాట్లు అమ్మకూడదని, ఆలస్యమైతే పెద్దవాళ్ల ఇంటద్దె అతనే కట్టాలని. ముగ్గురు పిల్లల్లో ఎవరో ఒకరు లాయరు దగ్గరికి వెళ్లి సంతకానికి ముందు ఈ ఐదు వాక్యాలు చదివించుకు వస్తే చాలు, ఆ ఖర్చు ఒక అంకణం ధరలో పదోవంతు కూడా ఉండదు.